పరిశోధనపత్రముపై ఎవరి పేరు?

1975వ సంవత్సరమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున జాక్ హెథరింగ్టన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక పత్రమును వ్రాసెను. వ్రాసినవాడు తానొక్కడే. అయినను శాస్త్రజ్ఞులకు అలవాటైన తీరున పత్రమంతటను 'మేము గమనించితిమి', 'మేము లెక్కించితిమి' అనుచు పోయెను. టైపు ముగిసిన పిమ్మట మిత్రుడొకడు చదివి, కర్త ఒక్కడే అయినప్పుడు 'మేము' అనుట ఆ పత్రికవారు ఒప్పుకొనరని హెచ్చరించెను. ఆ దినములలో దిద్దుట అనగా సూత్రములతో సహా మొదటినుండి మరల కొట్టుటయే. హెథరింగ్టనుకు అంత ఓపిక లేకపోయెను. ఆయన ఇంట చెస్టరు అను పిల్లి కలదు. దాని తండ్రి పేరు విల్లర్డు. ఆ రెండు పేర్లకు ముందు పిల్లిజాతి యొక్క శాస్త్రనామమును కుదించి చేర్చి, ఎఫ్. డి. సి. విల్లర్డ్ అను గంభీరమైన పేరొకటి కల్పించి, సహకర్తగా వేసి పంపివేసెను. ఆ యేడు నవంబరులో ఫిజికల్ రివ్యూ లెటర్స్ అను ప్రఖ్యాత పత్రికలో అది అచ్చయ్యెను.

మేమును ఈ ప్రసంగమున 'మేము' అనియే చెప్పుకొనుచున్నాము గాని, మా యింట పిల్లి లేదని శ్రోతలకు మనవి.

ఈ కథ విన్నవారెల్లరును నవ్వుదురు. పిల్లివలన ఎవరి వాటాయు తరుగలేదు. పిల్లి కూర్చున్న చోట మనుష్యుడు కూర్చున్నచో నవ్వు రాదు. ప్రయోగశాల గడప త్రొక్కని శాఖాధ్యక్షుడు, పైకము మంజూరు చేయించిన పెద్దమనిషి, 'ఈసారి నీ పత్రముపై నా పేరు, పైసారి నా పత్రముపై నీ పేరు' అని ఒడంబడిక చేసికొన్న మిత్రుడు, వీరి పేర్లు పత్రముల తలలకెక్కుచునే యున్నవి. మరియొక ప్రక్క రాత్రులు మేలుకొని కొలతలు తీసిన విద్యార్థి పేరు ఏ మూలను కానరాకపోవుటయు కలదు. సొమ్మొకడిది, సోకొకడిది.

పరిశోధనపత్రమనిన ఏమో ఎరుగని యిండ్లనుండియు నేడు పిల్లలు పరిశోధనకు పోవుచున్నారు. కనుక ఒక మాట చెప్పవలెను. పత్రమనగా సాధారణముగా పది పదిహేను పుటలకు మించని వ్యాసము. మేము ఈ ప్రశ్న వేసికొంటిమి, ఇట్లు వెదకితిమి, ఇది దొరకినది అని చెప్పునది. ఆ శాస్త్రము తెలిసిన యితరులు దానిని పరీక్షించి సరియన్న పిమ్మట పత్రిక అచ్చువేయును. వ్రాసినందుకు పారితోషికము లేదు. దక్కునది తలపైనున్న పేరే. ఉద్యోగము, పదోన్నతి, పైకము అన్నియు ఆ పేరు వెంటనే నడచును.

ఎంతగా నడచునో మన దేశపు నిబంధన నుండియే తెలిసికొనవచ్చును. 2018లో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను ప్రకటించిన అధ్యాపక నియామక నిబంధనలలో భాషలు, సామాజికశాస్త్రములు మొదలగు వానియందు ఒక పత్రమునకు 10 మార్కులు. కర్తలు ఇరువురైనచో ఒక్కొక్కరికి నూటికి 70 వంతులు. అంతకు మించినచో ముఖ్యకర్తకు 70, తక్కిన ఒక్కొక్కరికి 30. లెక్క కట్టి చూడుడు. ఒక్కడు వ్రాసిన పత్రము 10 మార్కులు తెచ్చును. అదే పత్రముపై అయిదు పేర్లు వేసినచో అందరికిని కలిపి 19 వచ్చును. పని పెరుగలేదు, మార్కులు మాత్రము పెరిగినవి. ఇట్టి చోట మొగమాటము గెలుచుటలో వింత యేమున్నది?

కలిసి వ్రాయుట మన వాఙ్మయమునకు క్రొత్త గాదు. భారతాంధ్రీకరణమున తనకు తోడ్పడిన నారాయణభట్టును నన్నయ అవతారికలోనే తలచి, భారతయుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణుడు తోడైన రీతిని తనకు తోడయ్యెనని చెప్పుకొనెను. కావ్యకర్త నన్నయయే, కాని తోడ్పాటును దాచలేదు. ఎఱ్ఱన త్రోవ వేరు. అరణ్యపర్వశేషమును తాను పూరించియు, అది నన్నయ చెప్పినదే అనునట్లు రాజరాజనరేంద్రునకే అంకితముగా నడిపెను. ఇక తిరుపతి వేంకటకవులలో తిరుపతిశాస్త్రిగారు 1920లో పరమపదించిన పిమ్మటను, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ రచనలను ఇరువురి పేరనే వెలువరించిరి. వీనిని విని మనము తలయూపుదుము. మిత్రధర్మమనిన అదియే యందుము.

అట్లయిన పరిశోధనపత్రము దగ్గర ఇంత పట్టుదల యేల? పద్యమునకు రసము ప్రమాణము. ఎవరు చెప్పినను బాగున్న చాలును. పత్రము అట్టిది కాదు, అది వాఙ్మూలము. ఈ ద్రవమున ఇంత భాస్వరమున్నదని కొలిచితిమి అని వ్రాసినప్పుడు, రేపు ఒకరు వచ్చి 'ఎట్లు కొలిచితిరో చూపుడు' అన్నచో చూపగలవారు ఉండవలెను. దస్తావేజుపై సాక్షిసంతకము చేసినవాడు, వ్రాత తన యెదుట జరిగినదని పూచీ పడును గదా. పత్రముపై పేరు సగము కీర్తి, సగము ఆ పూచీ. మొదటి సగమును మాత్రమే చూచువారివలననే చిక్కులన్నియు పుట్టుచున్నవి.

ఇంగ్లండున హార్డీ, లిటిల్‌వుడ్ అను గణితజ్ఞు లిరువురు ముప్పదియైదేండ్లు కలిసి పనిచేసి, నూరుకు చేరువగా పత్రములు ప్రకటించిరి. వారి కట్టుబాట్లను డెన్మార్కు దేశీయుడు హరాల్డ్ బోర్ వివరించెను. ఒకరికొకరు వ్రాసికొను జాబులో తప్పున్నను ఒప్పున్నను పట్టింపు లేదు. జాబు అందుకొన్నవాడు దానిని చదువవలెనను నిర్బంధమును లేదు. ఇరువురును ఒకే యంశమును ఒకేసారి ఆలోచింపకుండుట మేలు. ఇరువురి పేర వచ్చు పత్రమున ఒకరి పాలు ఆవగింజంతయు లేకున్నను బాధ లేదు. ఈ కడపటి కట్టుబాటు నేటి నిబంధనలకు సూటిగా విరుద్ధము. అయినను వారిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. ఇరువురును సమానులు, ఒకరు నిరూపించినదానిని రెండవవారు నిముసములలో పరీక్షించి సమర్థింపగలవారు. పూచీకి లోటు రాలేదు. అసమానుల నడుమ ఆ కట్టుబాటు పెట్టినచో అది బలవంతునకు మాత్రమే వరము.

ఆ హార్డీయే మన రామానుజనుతో కలిసి 1918లో ప్రకటించిన పత్రమొకటి కలదు. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తముగా ఎన్ని విధముల విడదీయవచ్చును అనునది అందలి ప్రశ్న. నాలుగును ఐదు విధముల విడదీయవచ్చును. రెండువందలను ఎన్ని విధముల? వారి సూత్రమును పరీక్షించుటకు మాక్‌మాన్ అను గణితజ్ఞుడు 200 వరకు చేతితో లెక్కించి పట్టిక కట్టెను. కడపటి సంఖ్య 39,72,99,90,29,388. సూత్రము దానికి సరిపోయెను. ఆ పట్టిక పత్రమున మాక్‌మాన్ లెక్కించినదిగానే అచ్చయ్యెను. కర్తల పేర్లలో మాత్రము ఆయన లేడు. నేటివారు ఆయనను సహకర్తగా చేర్చియుండవలసినదని వాదింపవచ్చును, వాదమునకు చోటున్నది. కాని చదివినవాడెవ్వడును ఆ పట్టిక హార్డీదనియో రామానుజనుదనియో భ్రమపడడు.

1924లో ఢాకా విశ్వవిద్యాలయమునుండి సత్యేంద్రనాథ బోసు తన పత్రమును ఐన్‌స్టైనునకు పంపి, తగినదని తోచినచో ప్రకటింపజేయుమని కోరెను. ఐన్‌స్టైను తానే దానిని జర్మనుభాషలోనికి అనువదించి పత్రికకు పంపెను. తన పేరు తలపై చేర్చినచో లోకమున ఎవ్వరును ప్రశ్నించియుండరు. బోసు సంతోషించియే యుండును. ఐన్‌స్టైను అట్లు చేయలేదు. కర్త బోసు, తాను అనువాదకుడు, చివర ఈ పని ముఖ్యమైనదని ఒక చిన్న గమనిక. తాను సాగించిన తరువాతి పనిని తన పేర వేరుగా వ్రాసికొనెను. మొగమాటము లేకుండ హద్దు గీచుట అనిన ఇది.

పెద్దలందరును ఇంత జాగ్రత్తపరులు కారు. 1948లో రాల్ఫ్ ఆల్ఫర్ అను విద్యార్థి, తన గురువు జార్జి గామోతో కూడి, విశ్వారంభమున మూలకములు పుట్టిన తీరునుగూర్చి పత్రము సిద్ధపరచెను. గామో హాస్యప్రియుడు. ఆల్ఫర్, గామో అను పేర్ల నడుమ బేతే అని చేరినచో గ్రీకు అక్షరమాలలోని మొదటి మూడక్షరముల వలె నుండునని, ఆ పనిలో పాలు లేని హన్స్ బేతే పేరును ఇరికించెను. పత్రము ఏప్రిలు 1వ తేదీ సంచికలో వచ్చెను. లోకము నవ్వెను. ఆల్ఫర్ నవ్వలేదు. ఇరువురు మహామహుల నడుమ పేరు తెలియని కుర్రవాని పాలు ఎవరికి కనబడును? పనిలో అధికభాగము తనదైనను, అది పెద్దలదేనని జనులు తలచెదరని ఆయన నొచ్చుకొనెను. ఆ నొప్పి చాలకాలము ఆయనను విడువలేదు. గురువు దృష్టిలో వినోదము, శిష్యుని దృష్టిలో జీవితము. ఇట్టివానిలో దురుద్దేశము వెదకిన కానరాదు. నష్టము మాత్రము నిజము.

ఇక మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయము. అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఆయన సైరస్ ఫిస్కె అను ఆచార్యుని క్రింద పనిచేసెను. దేహద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని వారిరువురును 1925లో ప్రకటించిరి. ఫాస్ఫేటుతో మాలిబ్డేటును కలిపి తగిన ద్రావణమును చేర్చినచో నీలివర్ణము పుట్టును; రంగు చిక్కదనమునుబట్టి భాస్వరమెంతయో చెప్పవచ్చును. ఈ పద్ధతితో కండరపు సారమును కొలువబోగా రంగు వెంటనే రాక మెల్లమెల్లగా వచ్చెను. ఈ ఆలస్యమెందులకు అని వెదకగా ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము బయటపడెను. 1927లో అదియు, 1929లో ఏ.టి.పి. అను, కండరముల శక్తికి మూలమైన పదార్థమును వారి పత్రములకెక్కెను. ఏ.టి.పి.ని ఆ యేడే జర్మనీలో లోమన్ అనునాతడును కనుగొని ప్రకటించెను.

ఆ పత్రములపై రెండు పేర్లున్నవి: ఫిస్కె, సుబ్బారావు. ఆ కొలత పద్ధతి నేటికిని ఫిస్కె-సుబ్బారావు పద్ధతియే. రెండవ పేరు అచ్చులో పడుటవలన కలిగిన లాభమిది. అయినను హార్వర్డున సుబ్బారావుగారికి స్థిరమైన అధ్యాపకపదవి దక్కలేదు. అదే ప్రయోగశాలలో విద్యార్థిగా నుండి, 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్స్ చెప్పిన మాటను సుబ్బారావుగారి జీవితకథలు ఉదాహరించుచుండును. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థములు అచ్చునకు రాకుండుటకు ఫిస్కె కారణమనియు, వానిని ఏండ్ల తరువాత ఇతరులు మరల కనుగొనవలసివచ్చెననియు దాని సారాంశము. ఆ మాట నిజమైన పక్షమున, పేరు తొలగించుటకన్న పత్రమును తొక్కిపెట్టుట పెద్ద అన్యాయము. పేరు తొలగించినచో ఒకడు నష్టపడును. పత్రమును ఆపినచో విద్యయే ఏండ్లు వెనుకబడును.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ అను ఔషధసంస్థకు పోయిరి. ఆయన నడిపిన ప్రయోగశాలనుండి వచ్చిన అమినాప్టెరిన్ అను మందును బోస్టను నగర వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు కేన్సరుతోనున్న పిల్లలకిచ్చి, కొందరిలో తాత్కాలికముగా వ్యాధి అణగుట చూచెను. 1948లో వెలువడిన ఆ పత్రముపై అయిదుగురు వైద్యుల పేర్లున్నవి. సుబ్బారావుగారి పేరు లేదు. దీనిని విని మన రక్తము ఉడుకును. కాని నిదానించి చూడవలెను. మందు నిచ్చినవాడు ఆ రోగులను చూడలేదు, వారి రక్తపరీక్షలకు పూచీ పడలేడు. మందు ఇచ్చినంతమాత్రమున కర్త కాడు; అతనికి కృతజ్ఞత తెలుపవలెననుటయే నేటి నిబంధన కూడ. పత్రము అన్యాయము చేయలేదు. తలపైనున్న పేర్లను మాత్రమే చదివి తక్కినది వదలివేయు లోకము చేసినది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కాలధర్మము చెందిరి.

పూచీ మాట చెప్పితిమి. అది ఎక్కడ తగులునో 2002లో భౌతికశాస్త్రలోకమునకు తెలిసివచ్చెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో యాన్ హెన్‌డ్రిక్ షోన్ అను యువకుడు అద్భుతములవంటి ఫలితములను వరుసగా ప్రకటించుచుండెను. వేర్వేరు ప్రయోగముల పటములలో ఒకే గీతలు కనబడుటతో సందేహము పుట్టినది. విచారణసంఘము 24 ఆరోపణలను పరిశీలించి 16 నిజమని తేల్చెను. సుమారు ఇరువదిమంది సహకర్తలను దోషులు కారని విడిచిపెట్టెను. వారు మోసము చేయలేదు, నిజమే. కాని ముడికొలతలను ఒక్కరైనను అడిగి చూచియుండరాదా అను ప్రశ్న లోకమున మిగిలెను. అమెరికా భౌతికశాస్త్రసంఘము ఆ యేడే తన నియమములను సవరించి, సహకర్తలందరికిని ఎంతో కొంత పూచీ కలదని వ్రాసెను. పుణ్యమునకు భాగస్వాములై, పాపము వచ్చినప్పుడు 'మేము ఎరుగము' అనుట చెల్లదని తాత్పర్యము.

వైద్యపత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవరున కూడి ప్రారంభించిన సంఘము కర్తకు నాలుగు లక్షణములు చెప్పుచున్నది. పని యొక్క ఆలోచనలోనో కొలతలలోనో వాని వివరణములోనో గట్టి పాలుండవలెను. వ్రాతలోనైనను, దానిని విమర్శించి దిద్దుటలోనైనను చేయిపెట్టియుండవలెను. అచ్చునకు పోవు కడపటి ప్రతిని ఆమోదింపవలెను. ప్రశ్న వచ్చినప్పుడు బదులు చెప్పుటకు ఒప్పుకొనవలెను. ఈ నాలుగవది 2013లో చేరినది. నాలుగును ఉన్నవాడే కర్త. పైకము తెచ్చుట, శాఖకు పెద్దయగుట, పైపైన చూచుట ఇవి ఒంటిగా చాలవు. వ్రాయు యంత్రములను కర్తలుగా వేయరాదని 2023లో చెప్పుటకును కారణము ఆ పూచీయే.

ఈ నిబంధనలు విన సొంపుగానే యుండును. అమలునకు వచ్చునప్పటికి ఒక్కొక్క శాస్త్రమున ఒక్కొక్క ఆచారము. గణితమున పేర్లు అకారాదిక్రమమున వేయుదురు; ముందున్నవాడు ఎక్కువ చేసెనని అర్థము లేదు. జీవశాస్త్రమున మొదటి పేరు చేతులతో పనిచేసినవానిది, చివరి పేరు ప్రయోగశాల పెద్దది. ఒక శాస్త్రపు ఆచారము తెలియక మరియొక శాస్త్రమువాడు అలిగిన సందర్భములు మేమెరుగుదుము. హిగ్స్ కణముయొక్క ద్రవ్యరాశినిగూర్చి 2015లో వచ్చిన పత్రమున 5,154 పేర్లున్నవి. 33 పుటలలో 24 పుటలు పేర్లకే, వారి సంస్థలకే పోయినవి. అంత పెద్ద యంత్రమును కట్టి నడిపినవారు అందరును కర్తలే అనిన మేము కాదనలేము; అందు ఒక్కరు సర్వమునకు పూచీ పడుదురనిన నమ్మలేము. అందుచేత ఎవరేమి చేసిరో పేరు పేరున చెప్పు ఏర్పాటు పుట్టినది. ఆలోచన, కొలత, గణన, మొదటి వ్రాత, ఇట్లు 14 విధముల పనులను గుర్తించి, ఎవరు దేనికో పత్రము చివర వ్రాయుదురు. మాక్‌మాన్ పట్టికకు పేరు పెట్టినట్లే ఇదియు. ఇది మాకు ఇష్టమైన పద్ధతి.

మన యిండ్లలోని పరిశోధకుల చిక్కు ఇంకను చిన్నది, ఇంకను కష్టమైనది. పని మొదలుపెట్టక మునుపే 'అయ్యా, ఈ పత్రముపై ఎవరెవరి పేర్లు వచ్చును? నా పేరెచ్చట?' అని విద్యార్థి అడిగినచో, 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ'మని గురువు పరిహసించును. ఈ విషయమున మాత్రము సామెత తప్పు. బిడ్డ పుట్టిన పిమ్మట పేరుకు తగవు వచ్చినచో తీర్చుట కష్టము. పుట్టకమునుపు పది నిముసముల మాట. కాని సిద్ధాంతవ్యాసము గురువు చేతిలో నున్న కుర్రవానిని గట్టిగా అడుగుమనుట న్యాయము కాదు. మొదట మాట యెత్తవలసినవాడు గురువే. ఎవరు ఏ పని చేయుదురో, పేర్ల వరుస యేమో, పని మారినచో వరుసయు మారుననియు ఒక కాగితముపై వ్రాసి తేదీ వేసి అందరికిని ఇచ్చుట అయిదు రూపాయల ఖర్చు కూడ కాదు. పని నడుమ క్రొత్తవారు చేరినచో మరల కూర్చుండవలెను. ఉద్యోగము దొరకి వెడలిపోయిన విద్యార్థి పాలు, అతడు కంటికెదురుగా లేనంతమాత్రమున తరుగదు.

తన కక్కరలేని పేరును వలదనుటకు కూడ ప్రతివారికి హక్కు కలదు. తెలియకుండ తమ పేరు వాడుకొన్న వారినిగూర్చి ఫిర్యాదులు రాగా, నేడు చాల పత్రికలు ప్రతి కర్తకును విడిగా జాబు పంపి అంగీకారము అడుగుచున్నవి. ఇది మీ పత్రమేనా అని ఒక్క వాక్యము, క్రింద ఒక గుర్తు నొక్కవలెను. గురువుగారు పంపినదే గదా యని చదువకయే నొక్కువారు మెండు. పత్రమును మొదటినుండి చదివి, అర్థము కాని పుటలను అడిగి తెలిసికొని, తన కొలతలు ఉన్నవి ఉన్నట్లే వచ్చినవో లేవో సరిచూచి, పిమ్మట నొక్కవలెను. నాలుగు దినములు ఆలస్యమైనను పత్రికవారు వేచియుందురు.